కంపెనీ కార్బన్ లెక్కలు క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో ఎలా ఎక్కించాలి: కరెంటు బిల్లు నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ దాకా

ఈ మధ్య వారానికి ఒకరైనా నన్ను ఇదే అడుగుతున్నారు. "మా పెద్ద కస్టమర్ నుంచి మెయిల్ వచ్చిందండి, స్కోప్ 1, స్కోప్ 2 ఎంతో పంపమంటున్నారు, మేనేజ్‌మెంట్ ఏదో క్లౌడ్ సాఫ్ట్‌వేర్ తీసుకుని లాగిన్ నా చేతిలో పెట్టింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అని. స్కోప్ 1 అంటే మీరే కాల్చే ఇంధనం, మీ దగ్గర లీకయ్యే గ్యాసుల ఉద్గారం, స్కోప్ 2 అంటే కొన్న కరెంటు వెనక ఉన్న ఉద్గారం. అడిగేవాళ్ళలో సగం మంది ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) డిపార్ట్‌మెంట్ వాళ్ళు, మిగతా సగం అకౌంట్స్ వాళ్ళు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, మార్కెట్ క్యాప్‌లో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి సెబీ 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టైనబిలిటీ రిపోర్ట్) తప్పనిసరి చేసింది. వాళ్ళు తమ లెక్క చెప్పాలి, ఆ తర్వాత మెల్లగా సప్లయర్ల లెక్క కూడా అడగడం మొదలుపెట్టారు. అందుకే మీ కంపెనీ లిస్ట్ కాకపోయినా మెయిల్ మీ దాకా వచ్చింది. థియరీ ఇంతకంటే అక్కర్లేదు.

ఒక మాట మాత్రం ముందే చెప్తాను, మిగతా అంతా దాని మీదే నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ చేసేది గుణకారం. ఇన్ని లీటర్లు కాల్చారు, లీటర్‌కి ఇంత, కాబట్టి ఇన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్. మీరిచ్చిన లీటర్లు తప్పైతే అది ఆ తప్పునే అందమైన గ్రాఫ్‌లో పెట్టి చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ సస్టైనబిలిటీ మేనేజర్ అయినా, సేల్స్‌ఫోర్స్ నెట్ జీరో క్లౌడ్ అయినా, ఐబీఎం ఎన్విజీ అయినా ఇంతే. ఎక్కించే ప్రతి నంబర్ వెనక ఒక కాగితం ఉండాలి, ఆ కాగితం అడిగిన నిమిషంలో మీరు తీసి చూపించగలగాలి.

ఉదాహరణకి ఒక మామూలు బల్క్ డ్రగ్ ఇంటర్మీడియట్స్ యూనిట్ అనుకుందాం, పాశమైలారం అనుకోండి, పరవాడ అనుకోండి. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్, బొగ్గు బాయిలర్, రెండు డీజిల్ జనరేటర్లు, క్యాంటీన్, ఏసీలు. కింద ఇచ్చిన నంబర్లు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి, మీవి మీరు పెట్టుకోండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- 12 నెలల హెచ్‌టీ కరెంటు బిల్లులు, ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అటూ ఇటూ ఇంకో నెల కూడా, ఎందుకో కింద చెప్తాను.
- బాయిలర్ లాగ్‌బుక్, బొగ్గు స్టాక్ రిజిస్టర్, లారీలతో వచ్చిన ల్యాబ్ రిపోర్టులు.
- డీజిల్ ఇష్యూ రిజిస్టర్, ట్యాంక్ డిప్ రీడింగులు.
- క్యాంటీన్ గ్యాస్ బిల్లులు.
- ఏసీ, చిల్లర్ల సర్వీస్ రిపోర్టులు. వీటి కోసమే ఎక్కువ తిరగాల్సి వస్తుంది, ఈరోజే అడగడం మొదలుపెట్టండి.
- సోలార్ ఉంటే జనరేషన్ మీటర్ రీడింగులు.
- సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) వాళ్ళు ఏటా విడుదల చేసే సీఓటూ బేస్‌లైన్ డేటాబేస్, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.
- క్యాలిక్యులేటర్, ఒక నోట్‌బుక్. సాఫ్ట్‌వేర్ ఉండగా ఇవెందుకు అనకండి, 9వ స్టెప్‌లో ఇవే మిమ్మల్ని కాపాడతాయి.

1. ముందు గీత గీసుకోండి

ఏ ప్లాంట్, ఏ గోడౌన్, ఏ ఆఫీస్ మీ లెక్కలోకి వస్తాయో ఒక పేజీలో రాయండి. ఎక్కువ కంపెనీలు ఆపరేషనల్ కంట్రోల్ పద్ధతి తీసుకుంటాయి, అంటే ఎక్కడ రోజువారీ నడిపించే అధికారం మీదో అదంతా మీ లెక్కే. అద్దె గోడౌన్ అయినా మీరు నడుపుతుంటే మీదే. ఈ పేజీ మీద ఎండీ గారితోనో, ప్లాంట్ హెడ్‌తోనో సంతకం పెట్టించుకోండి, రేపు ఎవరైనా "ఆ గోడౌన్ ఎందుకు కలిపారు" అంటే మాట్లాడటానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.

2. ప్లాంట్లు, ఆర్థిక సంవత్సరం సెట్ చెయ్యండి

సెట్టింగ్స్‌లో రిపోర్టింగ్ పీరియడ్ చాలాసార్లు జనవరి-డిసెంబర్ అని ఉంటుంది. ఏప్రిల్-మార్చికి మార్చండి. దాని పక్కనే యూనిట్లు కూడా చూడండి. అమెరికా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్లలో గ్యాలన్లు, షార్ట్ టన్నులు ఉంటాయి. మన టన్ను 1000 కేజీలు, షార్ట్ టన్ను 907 కేజీలే. ఇక గ్యాలన్ సంగతి, నెలకి 2,350 లీటర్ల డీజిల్ కాలిస్తే సుమారు 6.3 టన్నులు రావాలి, అదే 2,350 పక్కన గ్యాలన్ అని ఉంటే 23.8 టన్నులు వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఏ ఎర్రర్ ఇవ్వదు, ఎందుకంటే దాని దృష్టిలో రెండూ సరైనవే.

3. ఎమిషన్ ఫ్యాక్టర్లు

పైన చెప్పిన "లీటర్‌కి ఇంత" అన్న సంఖ్యే ఎమిషన్ ఫ్యాక్టర్. చాలామంది సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న ఫ్యాక్టర్లని గుడ్డిగా వాడేస్తారు. లోపల అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లైబ్రరీ, బ్రిటన్ పర్యావరణ శాఖ డెఫ్రా లైబ్రరీ ఉంటాయి, మంచివే, కానీ మన కరెంటుకి అవి పనికిరావు. బ్రిటన్ గ్రిడ్‌లో గ్యాస్, గాలి, న్యూక్లియర్ ఎక్కువ, మనది ఎక్కువగా బొగ్గు. ఆ ఫ్యాక్టర్ పెడితే మీ స్కోప్ 2 మూడో వంతు కంటే కిందకి పడిపోతుంది, అది చూసి మేనేజ్‌మెంట్ సంతోషపడుతుంది, ఆడిటర్ వచ్చిన రోజున అందరూ తల పట్టుకుంటారు.

కరెంటుకి సీఈఏ ఫ్యాక్టరే పెట్టండి. 19వ వెర్షన్‌లో 2022-23కి మెగావాట్ అవర్‌కి 0.716 టన్నులు, 20వ వెర్షన్‌లో 2023-24కి 0.727. మీరు చేసే సంవత్సరానికి ఏ వెర్షన్ వచ్చిందో చూసి, దాన్నే కస్టమ్ ఫ్యాక్టర్‌గా ఎక్కించి, పేరులోనే వెర్షన్, సంవత్సరం రాసేయండి. "గ్రిడ్ ఇండియా" అని మాత్రమే రాసి వదిలేస్తే రెండేళ్ళ తర్వాత అది ఏ సంవత్సరందో మీకే గుర్తుండదు.

ఇంధనాలకి ఐపీసీసీ (ఐక్యరాజ్య సమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం) డిఫాల్ట్‌లు సరిపోతాయి, బొగ్గుకి తప్ప. డీజిల్ లీటర్‌కి సుమారు 2.68 కేజీలు, పెట్రోల్‌కి సుమారు 2.27, వంటగ్యాస్ కేజీకి సుమారు 2.98. వీటి మీద మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కలిసి కొంచెం పెరుగుతుంది, అది సాఫ్ట్‌వేరే కలుపుతుంది. ఆ కలపడానికి వాడే జీడబ్ల్యూపీ విలువలు (ఒక్కో వాయువు కార్బన్ డయాక్సైడ్‌కి ఎన్ని రెట్లు వేడెక్కిస్తుందో చెప్పేవి) ఐపీసీసీ ఐదో నివేదిక ఏఆర్5వా, ఆరో నివేదిక ఏఆర్6వా అన్నది మాత్రం ఒక్కటి ఎంచుకుని అన్నిచోట్లా అదే ఉంచండి. నేను కింద ఏఆర్5 వాడుతున్నాను.

మైక్రోసాఫ్ట్ దాంట్లో ఫ్యాక్టర్ ఎక్కించడంతో పని అయిపోదు, మ్యాపింగ్ అని ఇంకో మెట్టు ఉంది, మీ డేటాలో డీజిల్ అని ఉన్నప్పుడు ఏ ఫ్యాక్టర్ తీసుకోవాలో అక్కడ చెప్పాలి. మ్యాపింగ్ మర్చిపోతే ఆ వరుసలకి లెక్క జరగదు, టోటల్ మాత్రం మామూలుగానే కనిపిస్తుంది.

4. ఎక్కించే ఫైల్‌ని శుభ్రం చెయ్యండి

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే.

మొదటిది తేదీలు. ఒక ప్లాంట్‌కి 2023-24 జనరేటర్ లాగ్ ఎక్కించినప్పుడు నాకే జరిగింది. మనం రోజు/నెల/సంవత్సరం అని రాస్తాం, సాఫ్ట్‌వేర్ నెల/రోజు/సంవత్సరం అని చదువుతోంది. 13 నుంచి 31 దాకా ఉన్న తేదీలు ఎర్రర్ ఇచ్చాయి, సరే అని వాటిని మాత్రం సరిచేసి మళ్ళీ ఎక్కించాను. 12 లోపు తేదీలు కిక్కురుమనకుండా లోపలికి వెళ్ళిపోయాయి. ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయింది, అంటే పోయిన ఆర్థిక సంవత్సరంలో పడింది. జనవరి 5 కాస్తా మే 1 అయ్యి వచ్చే సంవత్సరంలోకి వెళ్ళిపోయింది. రిపోర్ట్‌లో డీజిల్ తగ్గింది, ఎవరికీ అనుమానం రాలేదు, ఈ ఏడాది కరెంటు కోతలు తక్కువ కదా అనుకున్నాం. ట్యాంక్ రిజిస్టర్‌తో పోల్చి చూసిన రోజున బయటపడింది. అప్పటినుంచి నేను తేదీని 2024-01-05 పద్ధతిలోనే రాస్తాను, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. ఇలా రాస్తే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిప్పి చదవదు.

రెండోది కామాలు. మనం 4,12,500 అని రాస్తాం. సీఎస్‌వీ ఫైల్‌లో కామా అంటే కాలమ్ మారడం. కొన్ని సాఫ్ట్‌వేర్లు 4 అని ఒక గడిలో, 12 ఇంకో గడిలో వేసుకుంటాయి. కామాలన్నీ తీసేసి 412500 అని పెట్టండి.

మూడోది, ఒకే డీజిల్ రెండు దారుల్లో రావడం. అకౌంట్స్ వాళ్ళు కొనుగోలు బిల్లులు ఎక్కిస్తారు, ప్లాంట్ వాళ్ళు ఇష్యూ రిజిస్టర్ ఎక్కిస్తారు, రెండూ ఒకటే డీజిల్. ఏ డేటా ఎవరు ఎక్కించాలో ముందే మాట్లాడుకుని, మిగతావాళ్ళకి ఆ స్క్రీన్‌లో ఎడిట్ పర్మిషన్ తీసేయండి.

5. కరెంటు బిల్లు

హెచ్‌టీ బిల్లు చేతిలోకి తీసుకోండి. టీజీఎస్‌పీడీసీఎల్ అయినా, ఏపీఈపీడీసీఎల్ అయినా మీకు రెండు రకాల రీడింగులు కనిపిస్తాయి, ఒకటి కేడబ్ల్యూహెచ్ (నిజంగా వాడిన కరెంటు), రెండోది కేవీఏహెచ్ (పవర్ ఫ్యాక్టర్ ప్రభావం కూడా కలిసిన లెక్క). మన రెండు రాష్ట్రాల్లో హెచ్‌టీ వాళ్ళకి డబ్బు లెక్కగట్టేది కేవీఏహెచ్ మీద, అందుకే బిల్లులో కొట్టొచ్చినట్టు కనిపించేది, అకౌంట్స్ వాళ్ళ వోచర్లలో ఉండేది కూడా అదే. కార్బన్ లెక్కకి కావాల్సింది మాత్రం కేడబ్ల్యూహెచ్.

మన ఉదాహరణలో మీటర్ రీడింగ్ తేడా 412.5, మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ (ఆ తేడాని యూనిట్లుగా మార్చడానికి గుణించే సంఖ్య) 1000. అంటే 4,12,500 యూనిట్లు, 412.5 మెగావాట్ అవర్లు. 0.727తో గుణిస్తే 299.9 టన్నులు. అదే బిల్లులో కేవీఏహెచ్ 4,18,600 అనుకోండి, పొరపాటున అది ఎక్కిస్తే 304.3 టన్నులు. నెలకి నాలుగున్నర టన్నులే కదా అనిపిస్తుంది, సంవత్సరానికి 50 టన్నులు దాటుతుంది, పైగా పవర్ ఫ్యాక్టర్ బాగోలేని ప్లాంట్లలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ మర్చిపోతే ఇక చెప్పక్కర్లేదు, 4 లక్షల యూనిట్లు 412 అయిపోతాయి.

బిల్లు పీడీఎఫ్ పెడితే తనే చదువుకునే ఫీచర్ కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉంది. వాడుకోండి, టైమ్ బాగా కలిసొస్తుంది, కానీ మొదటి మూడు నెలల బిల్లులు మీ కళ్ళతో మీరు సరిచూడండి, ఎందుకంటే అది పట్టుకునేది కేవీఏహెచ్‌ని అయ్యే అవకాశం ఎక్కువ.

బిల్లింగ్ సైకిల్ నెల ఒకటో తారీఖున మొదలవ్వకపోతే, ఉదాహరణకి 24 నుంచి 24 దాకా ఉంటే, మార్చి బిల్లులో ఉన్న రోజులన్నీ మార్చివి కావు. రెండు దారులున్నాయి. రోజుల లెక్కన విడగొట్టడం ఒకటి, అందుకే అటూ ఇటూ ఇంకో నెల బిల్లు తీసుకోమన్నాను. లేదా ప్రతి ఏడాదీ అవే 12 బిల్లులు తీసుకుని ఆ విషయం నోట్‌లో రాసేయడం. ఏదైనా పరవాలేదు, ఏడాదికో పద్ధతి మాత్రం వద్దు.

రూఫ్‌టాప్ సోలార్ ఉన్నవాళ్ళు జాగ్రత్త. నెట్ మీటరింగ్ బిల్లులో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, నెట్ అని మూడు ఉంటాయి. స్కోప్ 2కి తీసుకోవాల్సింది ఇంపోర్ట్, నెట్ కాదు. మధ్యాహ్నం మీరు గ్రిడ్‌కి ఇచ్చింది రాత్రి మీరు తీసుకున్న కరెంటుని మాఫీ చెయ్యదు. మీరే వాడుకున్న సోలార్ ఎంతో తెలియాలంటే జనరేషన్‌లోంచి ఎక్స్‌పోర్ట్ తీసెయ్యండి, దానికి ఉద్గారం సున్నా, కానీ బీఆర్‌ఎస్‌ఆర్‌లో ఎనర్జీ పట్టికలో రెన్యూవబుల్ కింద చూపించాలి.

అద్దె ఆఫీసుల్లో ఉండే ఐటీ వాళ్ళు, మాదాపూర్, గచ్చిబౌలి వైపు వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది జనరేటర్ యూనిట్ల గురించి. మెయింటెనెన్స్ బిల్లులో అవి విడిగా ఉంటాయి, వాటికి గ్రిడ్ ఫ్యాక్టర్ వెయ్యకండి. బిల్డింగ్ వాళ్ళని ఎన్ని లీటర్లు కాలిందో అడగండి, ఇవ్వకపోతే లీటర్‌కి సుమారు 3 నుంచి 3.5 యూనిట్లు వస్తాయని అంచనా వేసుకుని వెనక్కి లెక్కగట్టండి, అంచనా అని తప్పకుండా గుర్తు పెట్టండి.

6. బాయిలర్ బొగ్గు

మన యూనిట్‌లో నెలకి 600 టన్నుల బొగ్గు. సాఫ్ట్‌వేర్‌లో "కోల్, బిటుమినస్" అని ఎంచుకుంటే ఐపీసీసీ డిఫాల్ట్ ప్రకారం టన్ను బొగ్గుకి సుమారు 2.44 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే 1,464 టన్నులు. కానీ ఆ డిఫాల్ట్ వెనక కేజీకి 25.8 మెగాజౌళ్ళ వేడి ఇచ్చే మంచి బొగ్గు ఉంది. మనకి సింగరేణి నుంచో, ఇంకో చోటి నుంచో వచ్చేది బూడిద ఎక్కువ ఉండే బొగ్గు. జీ11 గ్రేడ్ అంటే కేజీకి 4,001 నుంచి 4,300 కిలోక్యాలరీలు, మీ యార్డ్‌కి తేమతో వచ్చేసరికి ఇంకా తగ్గుతుంది.

ల్యాబ్ రిపోర్ట్‌లో యాజ్ రిసీవ్డ్ (యార్డ్‌కి వచ్చినప్పటి) జీసీవీ, అంటే కేజీ బొగ్గు ఇచ్చే మొత్తం వేడి, 3,900 కిలోక్యాలరీలు అనుకుందాం. 4.1868తో గుణించి వెయ్యితో భాగిస్తే 16.33 మెగాజౌళ్ళు. ఇది గ్రాస్, ఐపీసీసీ ఫ్యాక్టర్లు నెట్ (నీటి ఆవిరితో పోయే వేడి తీసేసింది) మీద ఉంటాయి, బొగ్గుకి సుమారు 5 శాతం తగ్గించుకుంటాం, 15.5 వస్తుంది. ఇంత తక్కువ వేడి ఇచ్చే బొగ్గుకి సబ్ బిటుమినస్ ఫ్యాక్టర్ తీసుకుందాం, టెరాజౌల్‌కి 96.1 టన్నులు. గుణిస్తే టన్ను బొగ్గుకి 1.49. నెలకి 894 టన్నులు.

1,464 ఎక్కడ, 894 ఎక్కడ? ఈ ఒక్క చోటే నెలకి 570 టన్నుల తేడా వచ్చింది, మీ కరెంటు మొత్తం కంటే దాదాపు రెట్టింపు. చెయ్యని పాపం మీ ఖాతాలో రాసుకుని, వచ్చే ఏడాది ఎవరో సరిచేస్తే "మేం 40 శాతం తగ్గించాం" అని ప్రకటించుకునే పరిస్థితి వస్తుంది, అది ఇంకా పెద్ద తప్పు. అందుకే ప్రతి నెలా ల్యాబ్ రిపోర్టుల సగటు తీసుకోండి, లారీ బరువుల ప్రకారం వెయిటెడ్ సగటు అయితే ఇంకా మంచిది. కాల్చింది ఎంత అన్నది ఓపెనింగ్ స్టాక్, ప్లస్ వచ్చింది, మైనస్ క్లోజింగ్ స్టాక్. కొన్న బొగ్గుని కాల్చిన బొగ్గుగా రాయకండి, మార్చిలో స్టాక్ నింపుకునే ప్లాంట్లకి లెక్క పూర్తిగా తప్పిపోతుంది.

వరి ఊక, వేరుశనగ పొట్టు బ్రికెట్లు కాల్చేవాళ్ళు: వాటి కార్బన్ డయాక్సైడ్ స్కోప్ 1లోకి రాదు, బయోజెనిక్ (మొక్కల నుంచి వచ్చింది) అని విడిగా చూపించాలి. అలాగని సున్నా అని వదిలేయకూడదు, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ భాగం స్కోప్ 1లోనే ఉంటుంది.

7. డీజిల్, గ్యాస్, వాహనాలు

ఇది సులువు. డీజిల్‌కి కూడా స్టాక్ పద్ధతే. క్యాంటీన్‌లో 19 కేజీల సిలిండర్లు నెలకి 14 అయితే 266 కేజీలు, సుమారు 0.8 టన్ను. కంపెనీ సొంత వాహనాలు, ఫోర్క్‌లిఫ్ట్‌లు స్కోప్ 1. కాంట్రాక్టర్ స్టాఫ్ బస్సు, అద్దె లారీలు స్కోప్ 3, అంటే మీ పని కోసం ఇతరుల దగ్గర జరిగే ఉద్గారం. మీ బంకు ఖాతాలో రెండింటికీ డీజిల్ పోయిస్తుంటే బండి నంబర్ ప్రకారం విడగొట్టాలి.

8. ఏసీ గ్యాస్

దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు, ఇంత చిన్నదానికి ఎందుకులే అని. ఆర్-410ఏ కేజీకి 1,924 కేజీల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీకైన ఏసీలకి మెకానిక్ వచ్చి ఏడాదిలో 12 కేజీలు టాప్ అప్ చేస్తే 23.1 టన్నులు, మన జనరేటర్లు మూడున్నర నెలలు తాగిన డీజిల్ కంటే ఎక్కువ. సర్వీస్ రిపోర్ట్‌లో చాలాసార్లు "గ్యాస్ చార్జింగ్ చేశాం" అని మాత్రమే ఉంటుంది, ఏ గ్యాస్, ఎన్ని కేజీలు అని ఉండదు. వర్క్ ఆర్డర్‌లోనే షరతు పెట్టండి, సిలిండర్‌ని ముందు, తర్వాత తూకం వేసి రెండు బరువులూ రాస్తేనే బిల్లు పాస్ అవుతుందని. ఒక ప్లాంట్‌లో స్టోర్స్ అబ్బాయి చిన్న కాటా తెచ్చి చిల్లర్ పక్కనే పెట్టాడు, మరుసటి నెల నుంచి లెక్క దానంతటదే రావడం మొదలైంది.

పాత ఏసీల్లో ఆర్-22 ఉంటే అది స్కోప్ 1లో కలపరు, స్కోప్‌ల బయట విడిగా చూపిస్తారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు తెలియకుండానే కలిపేస్తాయి, సెట్టింగ్ చూసుకోండి.

9. లెక్క నడపండి, ఆ తర్వాత చేత్తో సరిచూడండి

రన్ కొట్టాక రిపోర్ట్ చూసి మురిసిపోకముందు ఈ నాలుగూ చెయ్యండి.

వరుసల సంఖ్య: మీ ఫైల్‌లో 365 వరుసలుంటే లెక్క జరిగినవి కూడా 365 ఉండాలి. తక్కువుంటే తేదీయో మ్యాపింగో తప్పింది.

భాగహారం: సాఫ్ట్‌వేర్ ఇచ్చిన టన్నుల్ని మీరిచ్చిన పరిమాణంతో భాగించండి. కరెంటుకి మెగావాట్ అవర్లతో భాగిస్తే మీరు పెట్టిన సీఈఏ ఫ్యాక్టర్, మన ఉదాహరణలో 0.727, రావాలి. డీజిల్‌కి కిలోలీటర్లతో భాగిస్తే 2.68కి దగ్గరగా రావాలి. వేరేది వస్తే ఏ ఫ్యాక్టర్ పట్టిందో, ఏ యూనిట్ పడిందో అక్కడే దొరికిపోతుంది. నాకు తెలిసి దీన్ని మించిన పరీక్ష లేదు, రెండు నిమిషాల పని.

కాగితం: ఒక ప్లాంట్, ఒక నెల ఎంచుకుని మొత్తం నోట్‌బుక్‌లో చేత్తో వెయ్యండి. రెండూ దశాంశం దాకా కలవాలి. కలవకపోతే ఎందుకో తేలేదాకా రెండో నెలకి వెళ్ళకండి.

గ్రాఫ్: షట్‌డౌన్ నెలలో గీత కిందకి రావాలి. ప్లాంట్ మూతపడిన నెలలో కూడా బొగ్గు అంతే ఉందంటే ఎవరో సంవత్సరం మొత్తాన్ని 12తో భాగించి పంచేశారు. అది డేటా కాదు, వెళ్ళి లాగ్‌బుక్ తెరిపించండి.

10. స్కోప్ 3ని ఒకేసారి మొత్తం పట్టుకోకండి

15 కేటగిరీలు ఉన్నాయి, అన్నీ మొదటి ఏడాదే చెయ్యాలని పెట్టుకుంటే ఏదీ సరిగా రాదు. బీఆర్‌ఎస్‌ఆర్‌లో కూడా స్కోప్ 3 లీడర్‌షిప్ ఇండికేటర్‌లోనే (ఇష్టమైతే ఇచ్చేది) ఉంది, స్కోప్ 1, 2 మాత్రం ఎసెన్షియల్ (తప్పనిసరి). కొన్న ముడిసరుకు, రవాణా, ఇంధనం తవ్వి తేవడంలోనూ కరెంటు సరఫరాలోనూ పోయేది, ఈ మూడు చాలు మొదటికి.

ఖర్చు ఆధారంగా చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లోని ఫ్యాక్టర్లు ఎక్కువగా డాలర్ మీద ఉంటాయి. రూపాయలు నేరుగా ఎక్కిస్తే మీ చిన్న యూనిట్ ఒక దేశమంత ఉద్గారం చూపిస్తుంది. ఆ ఫ్యాక్టర్ ఏ సంవత్సరపు డాలరో చూసి మార్చుకోండి, జీఎస్‌టీ తీసేసిన మొత్తమే వాడండి. సాల్వెంట్లకి మాత్రం వీలైతే కేజీల మీద వెళ్ళండి, ధర పెరిగిన ఏడాది మీ ఉద్గారం కూడా పెరిగినట్టు కనిపించడంలో అర్థం లేదు.

11. రిపోర్ట్ తియ్యండి, పీరియడ్ లాక్ చెయ్యండి

బీఆర్‌ఎస్‌ఆర్ టెంప్లేట్ మీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే అక్కడే వస్తుంది, లేకపోతే ఎక్సెల్‌లోకి తీసుకుని నింపండి. ఎనర్జీ జౌళ్ళలో అడుగుతారు, యూనిట్‌ని 3.6తో గుణిస్తే మెగాజౌళ్ళు, మన నెల 4,12,500 యూనిట్లు 1,485 గిగాజౌళ్ళు. ఇంటెన్సిటీ (టర్నోవర్‌తో భాగించిన లెక్క) దగ్గర టర్నోవర్ రూపాయల్లో పెట్టారా, కోట్లలో పెట్టారా, పోయిన ఏడాది కాలమ్‌లో కూడా అదే ఉందా చూడండి. ఇది ఆఖరి నిమిషంలో మార్చి మార్చి తప్పు చేసే గడి.

ప్రతి వరుసకీ బిల్లు పీడీఎఫ్ అటాచ్ చేసి ఉండాలి. ఫైల్ పేరు "స్కాన్ 0047" అని కాకుండా ప్లాంట్, సంవత్సరం, నెల, దేనిదో తెలిసేలా పెట్టండి. అంచనా వేసిన వరుసలన్నీ ఫిల్టర్ చేసి ఒక లిస్ట్ తీసి రిపోర్ట్‌తోనే పెట్టండి, దాచకండి, ఆడిటర్‌కి తనంతట తను దొరికితే మిగతా సరైన నంబర్ల మీద కూడా నమ్మకం పోతుంది.

తర్వాత ఆ సంవత్సరాన్ని లాక్ చెయ్యండి. లాక్ చెయ్యకపోతే వచ్చే ఏడాది మీరు కొత్త సీఈఏ ఫ్యాక్టర్ పెట్టగానే కొన్ని సాఫ్ట్‌వేర్లు పాత ఏడాదిని కూడా తిరగలెక్కేస్తాయి, అప్పుడు మీరు కస్టమర్‌కి పంపిన నంబర్, స్క్రీన్ మీద నంబర్ వేరువేరు అవుతాయి. ఫ్యాక్టర్ల పట్టిక, మొత్తం డేటా ఎక్సెల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి మీ సొంత సర్వర్‌లో కూడా ఒక కాపీ ఉంచండి. సబ్‌స్క్రిప్షన్ రెన్యూవల్ ఆగిన రోజున లాగిన్ పోతుంది, ఆడిటర్ మాత్రం మూడేళ్ళ కిందటి మార్చి బిల్లు అడుగుతారు.